లైసెన్సు రాకముందే సర్వే

మొన్న నగరిలో నేను చేసిన ఘనకార్యం చెప్తాను, టీ చల్లారేలోగా అయిపోతుంది. ముందే ఒక మాట చెప్పేస్తా. ఎవరికో ఎంత నష్టం జరిగిందో చూడడానికి పోయినదాన్ని, నా చేతులారా ఇంకో నష్టం తయారుచేసి వచ్చినాను. అదీ చాటుమాటుగా కాదు. వీధి వీధంతా చూస్తుండగా, కుర్చీ వేయించుకొని, దర్జాగా కూర్చొని మరీ.

నవ్వండి, పర్వాలేదు. నాకే ఇప్పుడిప్పుడే నవ్వొస్తోంది.

నేను చేసే పనేందో మా చుట్టాలకే సరిగ్గా తెలీదు. ఎవరైనా అడిగితే మా అమ్మ "ఇన్సూరెన్సులో ఉండాది" అంటుంది. వాళ్ళు ఎక్కడ పాలసీ కట్టమంటానో అని వెంటనే వానల గురించి మాట్లాడడం మొదలుపెడతారు. పాలసీలు అమ్మేది ఏజెంటు. నేను కావాలనుకునేది సర్వేయరు. చైను పట్టుకొని పొలాలు కొలిచే సర్వేయరు కాదు. బండి గుద్దుకున్నా, గోడౌను కాలినా, సరుకు తడిసినా, క్లెయిమ్ పెట్టినాక వచ్చి చూసి, ఇంత నష్టం, ఇందువల్ల జరిగింది అని రిపోర్టు రాసే మనిషి.

ఈ పిచ్చి నాకు చిన్నప్పుడే పట్టుకుంది. మా నాయనకు చిత్తూరు బైపాసు పక్కన పంక్చర్ల షాపు. దాని పక్కనుండే షెడ్డుకు యాక్సిడెంటు అయిన బండ్లను ఈడ్చుకొచ్చి పడేసేవాళ్ళు. ఓనరు అరుస్తుంటాడు, డ్రైవరు ఏడుస్తుంటాడు, మెకానిక్కు స్పానరు పట్టుకొని కాచుకొని ఉంటాడు. అప్పుడొకాయన వచ్చేవాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. బండి చుట్టూ ఒక్కసారి తిరిగి, "ఎవరూ ముట్టుకోవద్దు" అనేవాడు. గట్టిగా గూడా కాదు, పక్కింటాయన్ని టైమెంతని అడిగినట్టు. అంతే, అందరి చేతులూ ఆగిపోయేవి. ఆ బండితో ఏ సంబంధమూ లేని మా నాయన గూడా చేతిలో ట్యూబు పట్టుకొని అట్లే నిలబడేవాడు. నేను గాలి పైపు పట్టుకొని ఆయన్నే చూసేదాన్ని. తర్వాత్తర్వాత నాకు రెండు పెళ్ళిచూపులు జరిగినాయి గానీ, ఎవర్నీ అంత ఆశగా చూసిన గుర్తు లేదు.

ఆశుంటే సరిపోదు, అర్హత ఉండాలంట. దీనికో లైసెన్సు ఉంటుందని తెలిసిననాడు నా ప్రాణం ఉసూరుమంది. నాది బీకామ్, అదీ దూరవిద్య. ఇంజనీరింగో, డిప్లొమానో, సీఏనో ఉంటే నేరుగా దారి ఉంది. అవి లేని నాలాంటోళ్ళు ఇన్సూరెన్సు పరీక్షలు ఒక్కొక్క పేపరే రాసుకుంటూ అసోసియేట్ అనే మెట్టు దాకా ఎక్కాల. చెప్పే మాస్టరు లేడు. పాత పుస్తకాలు, ఫోనులో వీడియోలు, లారీ టైరు మీద సమ్మెట దెబ్బల మధ్య చదువు. ఓడల్లో పోయే సరుకు గురించి మెరైన్ పేపరు రాసి పాసైనాను. అప్పటికి నేను ఓడను చూసింది క్యాలెండరులో మాత్రమే.

అది అయితే అయిపోయిందా అంటే, లేదు. లైసెన్సు ఉన్న ఒక సర్వేయరు కింద ఏడాదిపాటు ట్రైనీగా తిరగాల. ఏ కేసుకు పోయినాను, ఏం నేర్చుకున్నాను అని రాసి, ఆయన చేత సంతకం పెట్టించి పంపుతుండాల. ఆ పైన మళ్ళా ఒక పరీక్ష. అదీ గట్టెక్కితే అప్పుడు లైసెన్సు. అన్నిటికంటే కష్టం నన్ను చేర్చుకునే సర్వేయరును వెతుక్కోవడం. ఒకాయన ఫోనులోనే, అర్ధరాత్రి ఘాటురోడ్డులో లారీ పల్టీ కొడితే పోతావామ్మా అని అడిగినాడు. పోతానన్నాను. మీ ఇంట్లో పంపుతారా అన్నాడు. అది నేను ఆలోచించుకునేలోగా ఫోను పెట్టేసినాడు.

చివరికి తిరుపతిలో ధనంజయులు సార్ ఒప్పుకున్నాడు. సన్నగా, పొడుగ్గా, ఎండకు వడలిన మునక్కాయ మాదిరి ఉంటాడు. మాటలు తక్కువ. చేర్చుకున్న రోజే చెప్పినాడు, ట్రైనీకి కళ్ళుండొచ్చు, చెవులుండొచ్చు, సంతకమూ నోరూ మాత్రం ఉండగూడదని. సంతకం సంగతి రూల్సులోనే ఉంది, లైసెన్సు లేనిదే రిపోర్టు మీద పెట్టకూడదు. నోరు సంగతి సార్ సొంతంగా కలిపినాడు. ఎందుకు కలిపినాడో మొన్న తెలిసింది.

కంపెనీకి పోయే రిపోర్టుల్లో సగం నేనే టైపు చేస్తాను. చివర ఒక్క గీత ఉంటుంది, కింద సార్ పేరు. ప్రింటుకు ఇచ్చేముందు, ఎవరూ లేనప్పుడు, ఆ పేరు చెరిపి నా పేరు కొట్టి చూసుకొని, మళ్ళా సార్ పేరు పెట్టేస్తుంటాను. తిరుపతిలో రబ్బరు స్టాంపులు చేసే అంగడి ముందర గూడా ఒకటి రెండుసార్లు నిలబడినాను. పేరు చెప్పండి మేడమ్ అని ఆయన కాగితం తీస్తే, ఇంగా టైముంది అని వచ్చేసినాను. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, నగరిలో నాకు పట్టిన దయ్యం ఏదో మీకు తెలియాల గదా.

ఇంగ కథలోకి వస్తాను. పోయిన వారం తుఫాను వానలు పడినాయి గదా. నగరిలో గోవిందస్వామి అనే ఒకాయన మరమగ్గాల షెడ్డు పైకప్పు కారి, లోపలున్న నూలంతా తడిసిందని క్లెయిమ్ పెట్టినాడు. సార్, నేను ఇద్దరం పోవాల. ఇంకా చీకటుండగానే సార్ ఫోను చేసినాడు. నాయుడుపేట కాడ హైవే మీద కంటైనరు పడిపోయిందంట, అది చూసుకొని నేరుగా నగరికి వస్తా, నువ్వు ముందుపోయి ఆడ కూర్చో అన్నాడు. సరే సార్, పోయి ఏం చేయాల అన్నాను. "కూర్చో," అన్నాడు సార్. "అదే పని."

నేను మెడలో కార్డు వేసుకొని బయల్దేరినాను. ఈ కార్డు గురించి చెప్పాల. ఎవరూ ఇచ్చింది కాదు, చిత్తూరులో జిరాక్సు అంగట్లో నేనే చేయించుకున్నాను. ఇన్సూరెన్స్ సర్వే అని పెద్దక్షరాలు, కింద ట్రైనీ అని చిన్నక్షరాలు. అంగడాయన అడిగినాడు, కింది అక్షరాలు రవంత పెద్దవి చేసేదా మేడమ్ అని. వద్దు, అంతే చాలు అన్నాను.

పుత్తూరు మీదుగా బస్సు నగరిలో దించేటప్పటికి ఇంకా ఎండ రాలేదు. వారం రోజుల ముసురు తర్వాత ఆకాశం కడిగినట్టుంది. సాలెవాళ్ళ వీధి కనుక్కొని పోయినాను. గోవిందస్వామి షెడ్డుకు తాళం. ఫోను చేస్తే, ఆఫీసర్లకు టిఫిను తేవడానికి బజారుకు వచ్చినా, కూర్చోండి మేడమ్, వచ్చేస్తా అన్నాడు. మా సార్ క్లెయిమ్ పెట్టినోళ్ళ ఇంట్లో మంచినీళ్ళు గూడా తాగడు. ఆ మాట చెప్పేలోగా పెట్టేసినాడు. సరే, కూర్చుందాం అని చుట్టూ చూసినాను.

అప్పుడు కనబడింది.

షెడ్డు ముందర నుంచి వీధి ఆ చివర దాకా, కత్తెర మాదిరి పాతిన కర్రల మీద, పొడుగ్గా ఒక చాప పరిచినట్టు నూలు. తెల్లటి పోగులు, వేలకు వేలు. అంతా తడి. కింద బొట్లు బొట్లుగా కారుతోంది. దానికి అటొకరు ఇటొకరు, ఒకామె, ఒకాయన, ఇంత పొడుగు కుంచె ఒకటి చెరో కొస పట్టుకొని, నూలు మీద అదిమి దువ్వుకుంటూ పోతున్నారు. ఆ చివర దాకా పోతారు, మళ్ళా ఈ చివరకు వస్తారు.

నేను పుట్టింది టైర్ల మధ్య. మగ్గం గురించి నాకు తెలిసింది చీర కట్టుకునేంత వరకే. కానీ పుస్తకం బాగా తెలుసు. పుస్తకంలో ఒక పాఠం మొత్తం దీని గురించే ఉంది. నష్టం జరిగిన సరుకును సర్వేయరు చూసేదాకా ఉన్నది ఉన్నట్టు ఉంచాల. కదిలించగూడదు, ఆరబెట్టగూడదు, బాగున్న సరుకులో కలపగూడదు. ఈడ చూస్తే షెడ్డు ఓనరు తాళం వేసుకొని మాయం, ఆయన మనుషులు తడిసిన నూలును దువ్వి, నున్నగా చేసి, ఆరబెడుతున్నారు. నా బుర్రలో అంతా టక్కున అతుక్కుపోయింది. మోసం. అదీ నా కళ్ళ ముందర.

దగ్గరికి పోతే పుల్లగా ఒక వాసన. నోట్సులో రాసుకున్నాను, తేమకు మగ్గిన వాసన అని. ఆ పొద్దున ఇంట్లో అన్నం వార్చి వచ్చింది నేనే. బయల్దేరేముందు గిన్నెలో పడిన గంజి వాసనే ఇదని నా ముక్కు చెప్తానే ఉంది. కానీ ట్రైనీ ముక్కు మాట ఎవరు వింటారు.

కార్డు చొక్కా బయటికి తీసి, గొంతు సవరించుకున్నాను. కూర్చోవడమే పని అని సార్ చెప్పింది గుర్తుంది. గుర్తుండే చెప్పినాను.

"ఎవరూ ముట్టుకోవద్దు."

గట్టిగా గూడా కాదు, టైమెంతని అడిగినట్టు. ఆ మాట నా నోట్లోంచి పోయి ఆ వీధిలో వినబడగానే నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఎన్నేండ్లుగా లోపల అట్టిపెట్టుకున్న మాట. కుంచె ఆగింది. ఇద్దరూ నన్నే చూసినారు.

ఆమె పేరు మునెమ్మ, ఆయన ఆమె భర్త చెంగయ్య. అది తర్వాత తెలిసింది. మునెమ్మ నా కార్డు చూసి, నా మొహం చూసి, ఆకాశం వైపు చూసింది.

"ముట్టుకోకుంటే ఎట్ల మేడమ్? ఎండొస్తా ఉండాది."

"రానీండి. ఎట్ల ఉండాదో అట్లే ఉండల్ల. నేనంతా రాసుకోవాల."

రాసుకోవాల అనే మాట దగ్గర మొగుడూ పెళ్ళాలు ఒకర్నొకరు చూసుకున్నారు. చెంగయ్య ఏదో అనబోయినాడు. మునెమ్మ కుంచె కిందపెట్టి, కొంగుతో చేతులు తుడుచుకొని, పక్కింట్లోకి పోయి కుర్చీ తెచ్చి వేసింది. నేను కూర్చున్నాను. నా బతుకులో ఒక వీధి మధ్యలో నాకోసం కుర్చీ రావడం అదే మొదలు.

ఫోటోలు తీసినాను, ఈ చివర నుంచి, ఆ చివర నుంచి, కిందికి వంగి బొట్లు కారుతుండగా. మునెమ్మ పక్కనే నిలబడి మెల్లగా చెప్పింది, వానకు వాళ్ళ మగ్గం గుంతలో నీళ్ళు నిలిచిపోయినాయని, కాళ్ళు పెట్టి తొక్కే చోట ఇంకా బురదేనని. అది గూడా రాసుకుంటారా మేడమ్ అంది. రాసుకున్నాను. ఆ గుంతకూ గోవిందస్వామి పాలసీకీ ఏం సంబంధమని నాకు ఒక్క క్షణం గూడా అనిపించలేదు. చెప్తున్నారు, రాస్తున్నాను. అంత బాగుంది.

ఇంగ చూడండి. ఎదురింటామె ఒక పరుపు మోసుకొచ్చి నా ముందర వేసింది, పిండితే నీళ్ళు. ఆ పక్కింటాయన మిక్సీ తెచ్చినాడు. ఒకరు బియ్యం మూట, ఒకరు దేవుడి పటం, ఒకరు తడిసి ఉబ్బిన టెన్త్ సర్టిఫికెట్టు. ఒక ముసలామె చేతిలో ఏమీ లేకుండా వచ్చి, మోకాలు చూపించి, ఈ నొప్పి వానతోనే పట్టుకుందమ్మా, దీనికేమన్నా వస్తుందా అని అడిగింది. నేను లేదని చెప్పాల్సింది. మీ పేరు చెప్పవ్వా అన్నాను.

ఇట్లా కొలువు నడుస్తుండగా, ఎండ వీధిలోకి దిగింది. వారం రోజులు దాచిపెట్టుకున్న ఎండ, ఒకేసారి ఖర్చు పెట్టినట్టు కాసింది. నూలు మీద నుంచి ఆవిరి లేస్తోంది. చెంగయ్య రెండుసార్లు కుంచె దాకా పోయి వెనక్కి వచ్చినాడు. మునెమ్మ కళ్ళతోనే వద్దంది. నేను చూసినాను. నాకు గౌరవం ఇస్తున్నారనుకున్నాను.

గోవిందస్వామి స్కూటరు దిగినాడు. చేతిలో ఇడ్లీ పొట్లాలు. నన్ను చూసి నవ్వి, పరుపు చూసి నవ్వు ఆపి, నూలు చూసి నోరు తెరిచినాడు.

"ఏందప్పా చెంగయ్యా, గంజి పెట్టిన పడుగు అట్లే వదిలేస్తివి? కుంచె ఎందుకు ఆపినావు?"

అందరూ నా దిక్కు చూసినారు.

మీకు గూడా తెలీకపోతే చెప్తాను, నాకు ఆయన చెప్పినట్టే. మరమగ్గం నేసేవాళ్ళకు నూలు ఎక్కడో తయారై వస్తుంది. చేతిమగ్గం వాళ్ళు మాత్రం మగ్గానికెక్కే పొడుగు పోగులకు, అంటే పడుగుకు, పొద్దున్నే వీధిలో గంజి పట్టిస్తారు. పోగుకు బలం రావడానికి. గంజి తడి ఆరేదాకా కుంచెతో దువ్వుతూనే ఉండాల. అప్పుడే పోగు పోగూ విడివిడిగా ఆరుతుంది. ఆపితే ఒకదానికొకటి అంటుకొని బిగుసుకుపోతుంది. వాన ఎప్పుడు ఆగుతుందా అని వారం రోజులు కాచుకొని, ఆ పొద్దున గంజి కాచినారు వాళ్ళు. అది మునెమ్మ పడుగు. గోవిందస్వామితో సంబంధమే లేదు. ఆయన తడిసిన నూలు షెడ్డులో తాళం వెనకాల, ఎవరూ ముట్టుకోకుండా, పుస్తకంలో చెప్పినట్టే ఉంది.

మునెమ్మ పోయి పడుగు మీద చెయ్యి వేసింది. ఎండిన వడియాల గుడ్డను ఎత్తినట్టు పెళపెళమంది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతోంది. చెంగయ్య కర్ర పక్కన చతికిలబడి కూర్చున్నాడు. పరుపామె పరుపు మడుచుకొని నిశ్శబ్దంగా లోపలికి పోయింది. మిక్సీ పోయింది, బియ్యం మూట పోయింది. మోకాలు నొప్పి ముసలామె మాత్రం, నా పేరు రాసుకున్నావు గదా అని ఒకసారి గట్టిచేసుకొని పోయింది.

సరిగ్గా అప్పుడు మా సార్ కారు వచ్చింది.

సార్ దిగి, పడుగు చూసినాడు, కుర్చీ చూసినాడు, నా కార్డు చూసినాడు. కింది చిన్నక్షరాలు చదవడానికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఏం జరిగిందో నేను చెప్పడం మొదలుపెట్టినాను. చెయ్యెత్తి ఆపి, ముందు వచ్చిన పని చూద్దామని షెడ్డులోకి పోయినాడు. లోపల తడిసిన నూలు ఏది, వాన తగలకపోయినా తడిసిందని చెప్తున్నది ఏది, పైకప్పు యాడ కారింది, అన్నీ నింపాదిగా చూసినాడు. నేను వెనకాల ఫైలు పట్టుకొని నిలబడినాను. నోరుంది అనే సంగతే మర్చిపోయినాను.

గోవిందస్వామి లౌక్యం తెలిసినవాడు. సార్ పెన్ను మూత పెట్టేదాకా ఆగి, దగ్గరికి జరిగి మెల్లగా మొదలుపెట్టినాడు. లైసెన్సు లేని పాపను ఒంటరిగా సర్వేకు పంపడం, ఆ పాప ఊరోళ్ళ సొత్తు పాడుచేయడం, ఇదంతా కంపెనీకి తెలిస్తే మంచిది కాదు గదా సార్ అన్నాడు. మీ లైసెన్సుకూ ఇబ్బంది, ఈ పాపకైతే ఇంగ ట్రైనింగే ఉండదు. నా స్టాకు రవంత జాస్తి రాసుకోండి, నేను ఏమీ చూడలేదు అన్నాడు.

నిజమే గదా. ఒక్క కాగితం చాలు. రాసిన పరీక్షలు, తిరిగిన నెలలు, టైర్ల మోతలో చదివిన చదువు అంతా ఒక్క కాగితంతో పోతుంది. ఇంకో సర్వేయరు నన్ను చేర్చుకుంటాడా? ఘాటులో లారీ అని అడిగినాయన ఈసారి ఫోను గూడా ఎత్తడు. సార్ ఒప్పుకుంటే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. మీతో అబద్ధం ఎందుకు, రెండు క్షణాలు అనుకున్నాను.

సార్ కళ్ళజోడు పెట్టుకొని అన్నాడు, "కంప్లయింటు రాయండి. ఆ పాప పేరు హేమావతి, ముందర ఇంటిపేరు 'కె' వస్తుంది. నా లైసెన్సు నెంబరు ఇదిగో. మీ స్టాకు మాత్రం తడిసినంతే రాస్తాను."

గోవిందస్వామి మొహం మాడ్చుకున్నాడు. రాస్తాను, రాయకేం, ఊరికే వదుల్తామా అని వీధి అంతా వినబడేట్టు అన్నాడు. అప్పుడు షెడ్డు గుమ్మంలో నుంచి మునెమ్మ గొంతు వచ్చింది.

"పడుగు యారిది స్వామన్నా? నీదా?"

ఆయన తిరిగి చూసినాడు.

"నాది. ఫిర్యాదు ఇయ్యల్లంటే నేను ఇయ్యల్ల. నా నష్టాన్ని చూపించి నీ బేరం ఏంది?"

వీధిలో ఎవరో కిసుక్కుమన్నారు. గోవిందస్వామి ఇడ్లీ పొట్లాలు తీసుకొని షెడ్డు మూలకు పోయినాడు.

నేను మునెమ్మ దగ్గరికి పోయినాను. క్షమించక్కా, నాకు తెలీలేదు అన్నాను. మేడమ్ అని పిలిచిన మనిషి ఇప్పుడు నన్ను పాపా అంది. అది తిట్టినట్టే తగిలింది, దగ్గరికి తీసుకున్నట్టు గూడా ఉంది.

"నీకు తెలీదు పాపా, సరే. మాకు తెలుసును గదా. ఇన్నేండ్లుగా గంజి పట్టే చేతులు ఇవి. తెలిసీ ఆపినాము. నువ్వేమన్నా రాస్తావేమో, గుంతలో నీళ్ళకు ఏమన్నా వస్తుందేమో అని ఆశ. ఇంతవరకూ మా నష్టం ఇదని రాసుకోవడానికి ఎవరొచ్చినారు ఈ వీధికి?"

వాళ్ళకు ఏ పాలసీ లేదు. నా నోట్సులో ఉన్న పరుపూ, మిక్సీ, మోకాలూ ఏ కంపెనీకీ పోయేవి కావు. నాకేమో రాసే మనిషిని కావాలని ఆశ, వాళ్ళకేమో ఎవరైనా రాసుకోవాలని ఆశ. రెండు ఆశలూ కలిసి నిలువునా ఒక పడుగును ఎండబెట్టినాయి.

మునెమ్మ ఎక్కువసేపు బాధపడే రకం కాదు. నీళ్ళు చిలకరించి మెత్తబరిచి మళ్ళా దువ్వితే కొంత దారికొస్తుంది, తెగిన పోగులు అతుక్కోవాల అని చెప్పి, కుంచె ఒక కొస నా చేతిలో పెట్టింది. చెంగయ్య తెగిన పోగుల వెంట కూర్చున్నాడు. మా సార్ చెట్టు కింద కారు పెట్టుకొని, ఆ దినం ఇంకే కేసూ లేనట్టు పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు.

ఆ కుంచె చూడడానికి తేలిక. అదిమితే పోగు తెగుతుంది, అదమకపోతే విడిపోదు. నడక ఇద్దరిదీ ఒకటే ఉండాల. నేను ముందుకు పోతే మునెమ్మ మెల్లగా అంటుంది, నేను వెనకబడితే రవంత బిరాన అంటుంది. వంతుకు నాలుగు పోగులు తెంపినాను. తెంపినప్పుడల్లా చెంగయ్య తల ఎత్తకుండానే నిట్టూర్చేవాడు. మధ్యలో మునెమ్మ అడిగింది, ఆ లైసెన్సేదో వచ్చినాక మాలాంటోళ్ళకు గూడా రాస్తావా అని. పాలసీ ఉంటేనే రాయగలను అక్కా అన్నాను. అయితే ఊరికే కుంచె సరిగ్గా పట్టుకో పాపా అంది.

పొద్దు వాలేటప్పటికి సగానికి పైగా పడుగు దారికొచ్చింది. మిగతాది పోయినట్టే. సార్ మునెమ్మను పక్కకు పిలిచి ఏదో మాట్లాడి, ఆమె వద్దంటున్నా చెంగయ్య చేతిలో కొంత డబ్బు పెట్టినాడు. నా దగ్గర ఎప్పుడు వసూలు చేస్తాడో చెప్పలేదు. అడిగే ధైర్యం నాకు లేదు.

కారులో నేను ఏడుపుకు సిద్ధంగా కూర్చున్నాను. రేపట్నుంచి రావద్దు అంటాడు, నేను సరే సార్ అంటాను, బస్టాండులో దిగి ఏడుస్తాను, అని వరస గూడా అనుకున్నాను. సార్ వెనక సీటు నుంచి తెల్లకాగితాల ప్యాడు తీసి నా ఒళ్ళో వేసినాడు.

"రాయి. నువ్వు తిరిగిన కేసుల్లో ఇది గూడా ఒకటి. ట్రైనింగు రిపోర్టులో పెట్టాల."

క్లెయిమ్ లేదు గదా సార్ అన్నాను. నష్టం ఉంది గదా అన్నాడు. పేజీ పైన పడుగు, చేతిమగ్గం, పాలసీ లేదు అని రాసినాను. ఎంత మేర పోయింది, ఎంత దక్కింది, అన్నీ రాసినాను. నష్టానికి కారణం అనే చోటికి వచ్చినాను. వాన అని రాసినాను. సార్ స్టీరింగు మీద నుంచే చూసి, ఆ పొద్దున యాడ పడింది వాన అన్నాడు. కొట్టేసి, గంజి ఎండిపోవడం అని రాసినాను. అది జరిగింది, కారణం కాదు అన్నాడు. కొట్టేసి, కుంచె ఆగిపోవడం అని రాసినాను.

"దానంతట అదే ఆగిందా?"

ఎదురుగా పుత్తూరు కొండలు ఎర్రబడుతున్నాయి. లారీ ఒకటి దాటుకొని పోయింది. తర్వాత రాసినాను, గుండ్రంగా, తప్పుల్లేకుండా, ఇంటిపేరుతో సహా. ఎవరూ లేనప్పుడు కంప్యూటరులో కొట్టుకొని చెరుపుకునే పేరు, మొదటిసారి ఒక సర్వే రిపోర్టులో చెరపకుండా నిలబడింది.

చదివి, సార్ తల ఊపినాడు. బాగా రాసినావన్నాడు. ఆయన ఎవర్నైనా మెచ్చుకోవడం నేను ఎన్నడూ వినలేదు. ఆ ఊపులో, అలవాటు లేని సంతోషంలో, పేజీ చివర గీత కింద సంతకం పెట్టేద్దామని పెన్ను ఆనించినాను.

సార్ కారు పక్కకు ఆపి, నా చేతిలో నుంచి పెన్ను తీసుకున్నాడు. లైసెన్సు ఉండాల, నీకింకా రాలేదు అన్నాడు. నష్టం చేసింది నేనే, చూసింది నేనే, రాసింది నేనే. అయినా దాన్ని ధ్రువీకరించే అర్హత నాకు లేదంట.